వెలుగు ఎంత పడాలి? - ఫ్లాషు లెక్కల కథ

మా ఇంటి హాల్లో ఒక ఫొటో ఉంది. 2006 వేసవిలో మా పిన్ని కూతురి పెళ్ళిలో తీసింది. మధుపర్కాల్లో ఉన్న పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చుంటే మా అమ్మమ్మ నెత్తిన అక్షింతలు వేస్తోంది. అమ్మమ్మది తెల్లచీర. పెళ్ళికొడుకువీ పెళ్ళికూతురివీ తెల్లటి మధుపర్కాలు. వెనకాల గోడకి కట్టిందీ తెల్లగుడ్డే. ఫొటో నిండా తెలుపే, అయినా ఏ తెలుపు దానికదే విడిగా కనిపిస్తుంది. అమ్మమ్మ చీర మడతలు లెక్కపెట్టొచ్చు.

ఆ ఫొటో తీసింది నేను కాదు. ఇన్నేళ్ళయినా ఒప్పుకోవడానికి కాస్త కష్టంగానే ఉంది.

తాతగారు పోయినప్పటినుంచీ అమ్మమ్మ ఏ శుభకార్యంలోనూ మంటపం దగ్గరికి వచ్చేది కాదు. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనీ అనలేదు. మన ఇళ్ళలో ఇలాంటివి ఎలా జరుగుతాయో మీకు తెలుసు. ఆ రోజు మాత్రం పెళ్ళికూతురు "అమ్మమ్మొచ్చి అక్షింతలెయ్యకపోతే నేను లేవను" అని మొండికేసింది. పురోహితుడు గారు గొంతు సవరించుకున్నారు, పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చివరికి మా పెద్దమావయ్య వెళ్ళి అమ్మమ్మని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు. అంతా కలిపి అరనిమిషం. నేను నాలుగు ఫొటోలు కొట్టాను. ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చిన డిజిటల్ ఎస్సెల్లార్, దానికి సరిపోయే ఖరీదైన ఫ్లాషు, అన్నీ ఆటోమేటిక్.

నాలుగూ పాడయ్యాయి. తెలుపంతా మాసిపోయిన బూడిదరంగు. మొహాలు చీకట్లో ఉన్నట్టున్నాయి. కంప్యూటర్లో వెలుతురు పెంచితే చీకటి భాగాల్లో రంగురంగుల ఇసక లేచింది. అప్పట్లో జేపెగ్‌లో తప్ప తీసేవాణ్ణి కాదు, అదో తప్పు.

పక్కనే నిలబడి తీసిన ఊరి స్టూడియో ఆయన దగ్గర పాత రీలు కెమెరా ఉంది. దాని మీద అంతకన్నా పాత ఫ్లాషు. ఫ్లాషు వీపు మీద ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో ఇలా రాసుకున్నాడు: 6 అడుగులు - 8, ఎనిమిదిన్నర - 5.6, 12 - 4. అంతే. నా ఫొటోలు చూపించి "ఏమైందంటారు బాబాయ్‌గారూ?" అంటే ఆయన నవ్వి, "మీ కెమెరాకి తెలుపంటే భయం బాబూ" అన్నాడు.

అమ్మమ్మ మరుసటేడు పోయింది. ఆయన తీసిన ఫొటోయే హాల్లో పెట్టాం.

ఆ ప్లాస్టరు ముక్క చేతిలో నా కంప్యూటరు ఎలా ఓడిపోయిందన్నది వృత్తిరీత్యా కూడా నన్ను పీకిన ప్రశ్న. దాని కోసం వెతుక్కుంటూ పోతే ఫ్లాషు చరిత్రంతా చదవాల్సొచ్చింది. చదివాక నాకర్థమైంది ఇది: ఈ చరిత్ర అందరూ అనుకునేలా మొరటు నుంచి తెలివికి తిన్నగా పోయిన దారి కాదు. మధ్యలో ఒకసారి వెనక్కి కూడా నడిచింది.

కొలత లేని రోజులు

చీకట్లో ఫొటో తియ్యాలన్న కోరిక ఫొటోగ్రఫీ అంత పాతది. 1851 జూన్ 14న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఒక ప్రయోగం చేశాడు. టైమ్స్ పత్రిక కాగితం ముక్కని చక్రానికి అంటించి గిర్రున తిప్పి, లైడెన్ జాడీల్లో దాచిన విద్యుత్తుని ఒక్కసారి మెరిపించి ఫొటో తీశాడు. అక్షరాలు చదవగలిగేలా వచ్చాయట. అంటే ఇవాళ మన కెమెరా నెత్తిన ఉండే ఎలక్ట్రానిక్ ఫ్లాషుకి మూలసూత్రం అప్పుడే దొరికింది. కానీ అది వాడుకలోకి రావడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది.

1861లో పారిస్ నగరం కింద ఎముకల గుట్టలున్న సొరంగాల్ని నాడార్ బ్యాటరీలతో వెలిగే ఆర్క్ దీపాలు పెట్టి తీశాడు. ఒక్కో ఫొటోకి పద్దెనిమిది నిమిషాల దాకా పట్టేది. అంతసేపు మనుషులు కదలకుండా ఉండలేరు కాబట్టి పనివాళ్ళ స్థానంలో బొమ్మల్ని నిలబెట్టాడు. 1864 నుంచి మెగ్నీషియం తీగ మార్కెట్లోకొచ్చింది. మరుసటేడే పియాజీ స్మిత్ అనే ఖగోళశాస్త్రవేత్త దాన్ని వెలిగించి ఈజిప్టు గ్రేట్ పిరమిడ్ లోపల ఫొటోలు తీశాడు.

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీటె, యోహాన్నెస్ గెయ్‌డికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్, యాంటిమొనీ సల్ఫైడ్ కలిపారు. ఇది నెమ్మదిగా కాలే రకం కాదు, భగ్గుమనే రకం. మన దీపావళి మందు లాంటిదే. అట్లాంటిక్‌కి అవతల న్యూయార్కులో జేకబ్ రీస్ అనే పోలీసు వార్తల విలేకరి ఈ సంగతి పత్రికలో చదివి ఎగిరి గంతేశాడు. పేదలు కిక్కిరిసి బతికే చీకటి గదుల గురించి ఎంత రాసినా ఎవరూ నమ్మడం లేదు, ఇకనుంచీ చూపించొచ్చు కదా అని. మొదట పిస్తోలు లాంటి సాధనంతో మందు పేల్చేవాడు. పిస్తోలు చూసి జనం హడలిపోతున్నారని తర్వాత వేపుడు పెనం మీద మందు పోసి వెలిగించడం మొదలెట్టాడు. ఈ పనిలో రెండుసార్లు ఇంటికీ, ఒకసారి తనకీ నిప్పంటించుకున్నానని ఆత్మకథలో తనే రాసుకున్నాడు. కళ్ళద్దాలుండబట్టి చూపు దక్కిందట. 1890లో ఆ ఫొటోల ఆధారంగా ఆయన వేసిన పుస్తకం న్యూయార్కు అద్దె ఇళ్ళ చట్టాల మీద జరిగిన చర్చనే మార్చింది.

ఇక్కడ "ఎక్స్‌పోజర్ లెక్క" ఏమిటంటే, పెనంలో ఎన్ని చెంచాల మందు పోశారన్నదే. అనుభవం మీద తెలియాలి. ఎక్కువైతే ఫొటోతో పాటు కనుబొమలూ పోతాయి.

బల్బు తెచ్చిన అంకె

1929లో జర్మనీలో వాకూబ్లిట్జ్ పేరుతో ఫ్లాష్‌బల్బు వచ్చింది, మరుసటేడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కూడా అమ్మడం మొదలెట్టింది. గాజుబుడ్డిలో పల్చటి అల్యూమినియం రేకూ, ఆక్సిజనూ. బ్యాటరీ తగిలిస్తే లోపలే భగ్గుమంటుంది. పొగ లేదు, నిప్పురవ్వలు లేవు. ఒక్కసారికే పనికొస్తుంది, కాలిందాన్ని పారేసి కొత్తది పెట్టుకోవాలి.

అసలు గొప్ప విషయం పొగ లేకపోవడం కాదు. ప్రతి బల్బూ ఒకే మోతాదు వెలుగిస్తుంది! పెనంలో పోసిన మందుకి ఆ హామీ లేదు. మోతాదు స్థిరంగా ఉంటే దాన్ని అంకెల్లో పెట్టొచ్చు. ఆ అంకె పేరే గైడ్ నంబరు.

దీని వెనకున్నది కెప్లర్ 1604లో చెప్పిన సూత్రం. దీపానికి రెట్టింపు దూరం వెళ్తే మీ మీద పడే వెలుగు సగం కాదు, పావువంతు అవుతుంది. ఇక లెన్సు సంగతి. ఎపర్చర్‌ని ఎఫ్/8 నుంచి ఎఫ్/4కి తెరిస్తే లోపలికొచ్చే వెలుగు నాలుగు రెట్లవుతుంది. అంటే దూరం రెట్టింపైతే ఎఫ్ అంకెని సగం చెయ్యాలి, ఒకటి పోగొట్టింది రెండోది పూడుస్తుంది. కాబట్టి దూరాన్నీ ఎఫ్ అంకెనీ గుణిస్తే వచ్చేది ఎప్పుడూ ఒకటే.

స్టూడియో బాబాయ్‌గారి ప్లాస్టరు ఇప్పుడు చూడండి. 6 × 8 = 48. 12 × 4 = 48. ఎనిమిదిన్నర × 5.6 అంటే అటూఇటూగా 48. ఆయన ఫ్లాషుకి, ఆయన రీలుకి, ఆయన పెట్టుకున్న పవరుకి గైడ్ నంబరు 48 అడుగులన్నమాట. అంత అందమైన లెక్క నేను ఉద్యోగంలో రాసిన కోడులో ఎక్కడా లేదు.

ఈ లెక్కని చివరిదాకా లాగినవాడు అమెరికాలో విన్‌స్టన్ లింక్ అనే ఫొటోగ్రాఫరు. 1955 నుంచి 1960 దాకా నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఆవిరి ఇంజన్లని రాత్రిళ్ళు తీశాడు. 1956లో వెస్ట్ వర్జీనియాలోని ఓ ఊళ్ళో తీసిన ఆయన ఫొటో చాలా ప్రసిద్ధం. ముందు కారులో కూర్చుని ఆరుబయట సినిమా చూస్తున్న జంట, వెనక పొగ కక్కుతూ పోతున్న రైలు. దానికి నలభైకి పైగా బల్బులు ఒకేసారి వెలిగించాడు. రైలు ఆగదు, రెండో అవకాశం లేదు. బల్బులు ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఎపర్చర్ ఎంత అన్నవన్నీ ముందే కాగితం మీద తేలిపోవాలి. తేలాయి కాబట్టే ఆ ఫొటో ఉంది. (ఆ వెలుగులో సినిమా తెర తెల్లగా పోయింది, తెర మీది విమానం బొమ్మని తర్వాత విడిగా కలిపాడు. అది వేరే సంగతి.)

కెపాసిటరు, దాన్ని ఆపే చెయ్యి

టాల్బట్ మెరుపుని మళ్ళీ బయటికి తీసినవాడు ఎంఐటీలో పనిచేసిన హెరాల్డ్ ఎడ్జర్టన్. 1931 ప్రాంతంలో మోటార్లు తిరిగే తీరు గమనించడానికి మొదలెట్టిన స్ట్రోబ్ దీపం, కెపాసిటర్లో విద్యుత్తు నింపి వాయువున్న గొట్టంలోంచి ఒక్కసారిగా వదలడం, మెల్లగా ఫొటోగ్రాఫర్ల చేతికొచ్చింది. యాపిల్ పండులోంచి దూసుకుపోయే తూటా ఫొటో మీరు చూసే ఉంటారు, అది ఆయనదే. 1944 జూన్‌లో నార్మండీ మీద దిగబోయే ముందు రాత్రి అక్కడి నేలని విమానాల్లోంచి ఫొటో తీసింది కూడా ఆయన తయారుచేసిన భారీ ఫ్లాషులతోనే.

ఎలక్ట్రానిక్ ఫ్లాషులో ఇంకో గుణముంది. బల్బు ఒకసారి అంటుకుంటే పూర్తిగా కాలాల్సిందే. ఇది విద్యుత్తు కాబట్టి మధ్యలో ఆపేయొచ్చు. 1965లో అమెరికా కంపెనీ హనీవెల్ సరిగ్గా ఇదే చేసింది. ఫ్లాషు ముందు భాగంలో చిన్న కన్ను పెట్టింది. ఎదుటి మనిషి మీద పడి వెనక్కొచ్చే వెలుగుని ఆ కన్ను చూస్తుంది, చాలనిపించగానే ఫ్లాషుని ఆపేస్తుంది. మొదట్లో మిగిలిన విద్యుత్తు ఉత్తినే పారబోసేవారు. తర్వాత తైరిస్టర్ వచ్చి మిగిలింది కెపాసిటర్లోనే ఉండేలా చేసింది, బ్యాటరీలు బతికాయి.

"వెలుగుతూ ఉండగానే కొలిచి ఆపడమా, అంత టైమెక్కడుంది?" అని నాక్కూడా అనుమానమొచ్చింది. లెక్కేస్తే ఉంది. ఫ్లాషు పూర్తిగా వెలిగితే సెకనులో వెయ్యోవంతు, అటూఇటూగా. ఆ కాస్త సేపట్లో వెలుగు మూడొందల కిలోమీటర్లు పోతుంది. పెళ్ళికూతురు మూడు మీటర్ల దూరంలో ఉంది. వెలుగు అక్కడిదాకా పోయి రావడం ఫ్లాషు దృష్టిలో తక్షణమే. ఇంజనీర్లకి తీరుబడిగా పనిచేసుకునేంత సమయముంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం దీన్ని క్లోజ్డ్ లూప్ అంటాం. మామూలు భాషలో చెప్పాలంటే, మేడ మీద నీళ్ళ ట్యాంకు నింపడం లాంటిది. ఇరవై నిమిషాల్లో నిండుతుందని లెక్కేసుకుని మోటారేసి, గడియారం చూసి ఆపేయడం ఒక పద్ధతి. అది గైడ్ నంబరు. ట్యాంకు దగ్గర నిలబడి నిండుతుంటే చూస్తూ "ఆపండర్రా" అని కేకెయ్యడం ఇంకో పద్ధతి. అది హనీవెల్ కన్ను.

కాకపోతే ఆ కన్ను ఫ్లాషు మీదుంది, లెన్సు వెనక కాదు. లెన్సుకి ఫిల్టరు తగిలిస్తే దానికి తెలీదు. లెన్సు చూస్తున్నది ఒకటీ అది చూస్తున్నది ఒకటీ. 1975లో ఒలింపస్ ఓఎం-2 ఆ లోటు తీర్చింది. ఆ కెమెరాల రూపశిల్పి యోషిహిసా మైతాని. కెమెరా అడుగున పెట్టిన కన్ను, షట్టరు తెరిచి ఉండగా ఫిల్ము మీద పడి చెదిరే వెలుగునే నేరుగా చూస్తుంది. ఫిల్ముకి సరిపడా అందగానే ఫ్లాషు ఆగిపోతుంది. ఫొటో ఎక్కడ తయారవుతోందో అక్కడే, అది తయారవుతున్న క్షణంలోనే కొలత. దీన్నే టీటీఎల్ అన్నారు. ఎనభైల్లో దాదాపు అన్ని కంపెనీలూ ఈ దారికొచ్చాయి.

ఇంజనీరుగా నా అభిప్రాయం, ఫ్లాషుని కొలవడంలో ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి అంతకుముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు.

డిజిటల్ వేసిన వెనకడుగు

ఆ పద్ధతిని చంపింది డిజిటల్. ఫిల్ము పైభాగం పాలిపోయి గరుకుగా ఉండి వెలుగుని అన్నివైపులా చెదరగొడుతుంది. కన్ను దాన్ని చూడగలదు. డిజిటల్ సెన్సరు ముందు గాజు ఫిల్టర్లుంటాయి, అది అద్దంలా మెరుస్తుంది. వెలుగుని ఎటు తిప్పుతుందో నమ్మకం లేదు. కాబట్టి "సెన్సరు మీద పడేటప్పుడు చూసి ఆపుదాం" అన్న ఉపాయం పనిచెయ్యడం మానేసింది.

పరిష్కారంగా అప్పటికే చేతిలో ఉన్న ఇంకో ఉపాయాన్ని ముందుకి తెచ్చారు. అసలు ఫ్లాషుకి ముందు చిన్న పరీక్ష ఫ్లాషు వెయ్యడం, తిరిగొచ్చిన వెలుగుని కొలవడం, అసలుది ఎంతుండాలో లెక్కకట్టి ఆ మోతాదే వదలడం. కానన్ 1995లోనే ఒక ఫిల్ము కెమెరాలో ఇ-టీటీఎల్ పేరుతో దీన్ని తెచ్చింది. నికాన్ 1999లో డీ1 డిజిటల్ కెమెరాతో డి-టీటీఎల్, 2003లో డీ2హెచ్‌తో ఐ-టీటీఎల్ తెచ్చింది. 2004లో కానన్ ఇ-టీటీఎల్ 2 వచ్చింది.

ట్యాంకు భాషలో, మోటారు ఒక్క సెకను వేసి ఆపి, ఎంత నీళ్ళు పడ్డాయో చూసి, "అయితే ఇంకో పంతొమ్మిది నిమిషాలు" అని లెక్కేసి, మళ్ళీ మోటారేసి వెళ్ళి పడుకోవడం. నీళ్ళు నిజంగా నిండుతున్నాయో లేదో ఆ పంతొమ్మిది నిమిషాలూ ఎవరూ చూడరు. 1975లో సాధించిన క్లోజ్డ్ లూపుని వదిలేసి అంచనాకి తిరిగొచ్చామన్నమాట. కొత్త రిలీజులో పాత ఫీచరు పోయిందని మా క్లయింట్లు తిట్టేది ఇలాంటప్పుడే.

దీని పక్క ఇబ్బందులు మన ఊళ్ళలోనూ చాలామంది చూశారు. పెళ్ళిళ్ళలో మూల నిలబెట్టే గొడుగు లైట్లకి స్లేవ్ కన్నుంటుంది, కెమెరా ఫ్లాషు చూడగానే వెలుగుతాయి. కొత్త కెమెరా తగిలిస్తే అవి పరీక్ష ఫ్లాషుకే వెలిగిపోయి, అసలు ఫొటో పడేసరికి చల్లగా చీకట్లో ఉండేవి. కళ్ళు త్వరగా ఆర్పేవాళ్ళు కొందరు పరీక్ష ఫ్లాషుకి రెప్ప వేసి అసలు ఫ్లాషుకి కళ్ళు మూసుకుని దొరికేవాళ్ళు. మా బాబాయ్ ఒకాయన ఆల్బమంతా నిద్రపోతూ కనిపిస్తాడు.

కానీ న్యాయంగా మాట్లాడుకుంటే, అమ్మమ్మ ఫొటో పాడైంది ఈ వెనకడుగు వల్ల కాదు. ఈ ముక్క అర్థమవడానికే నాకు చాలా కాలం పట్టింది.

మీటరుకి తెలియనిది

హనీవెల్ కన్ను, ఓఎం-2 కన్ను, పరీక్ష ఫ్లాషు - ఈ మూడూ కొలిచేది ఒకటే, ఎదుటివాటి మీద పడి *తిరిగొచ్చిన* వెలుగు. ఎంత తిరిగొచ్చిందో వాటికి తెలుస్తుంది. ఎంత తిరిగి రావాలో తెలియదు. తెల్లచీర పడ్డ వెలుగులో చాలా భాగాన్ని వెనక్కి పంపుతుంది, నల్లకోటు మింగేస్తుంది. ముందున్నది చీరో కోటో మీటరుకి తెలియదు కాబట్టి లోకమంతా సగటున మధ్యరకం బూడిదరంగని అనుకుంటుంది. నాలుగు తెలుపుల్ని ఒకేచోట చూసి "అబ్బో, వెలుగెక్కువైంది" అని ఫ్లాషుని తగ్గించేసింది. తెలుపు కాస్తా బూడిదైంది. స్టూడియో ఆయన "భయం" అన్నది అదే.

ప్లాస్టరు ముక్క ఆ తప్పు చెయ్యలేదు. ఎందుకంటే అది తిరిగొచ్చే వెలుగు గురించి అడగనే అడగదు. అమ్మమ్మ ఆరడుగుల దూరంలో ఉంది, ఫ్లాషు ఇంత వెలుగిస్తుంది, కాబట్టి అమ్మమ్మ మీద *పడే* వెలుగు ఇంత. చీర తెలుపైతే తెల్లగా, జుట్టు నలుపైతే నల్లగా వస్తుంది. ఏది ఏ రంగో తేల్చడం దాని పని కాదు. స్టూడియోల్లో వాడే ఫ్లాషు మీటరుని మనిషి మొహం దగ్గర పెట్టి కొలవడంలో ఉన్న రహస్యం కూడా ఇదే.

ఇంకో రహస్యం ల్యాబులో ఉండేది. ఫిల్ము టీటీఎల్ కూడా తెలుపు చూసి మోసపోయేదే, కానీ మనకి కనిపించేది కాదు. కలర్ నెగటివు కాస్త తప్పుని, ముఖ్యంగా వెలుగెక్కువైన తప్పుని, ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఫొటోలు కడిగే ల్యాబులో మెషీనూ, దాని ముందు కూర్చున్న కుర్రాడూ ఒక్కో ప్రింటునీ సరిచేసేవాళ్ళు. ఫ్లాషు తప్పుల్ని ఇన్నేళ్ళూ ఎవరో చీకటిగదిలో కూర్చుని దిద్దుతున్నారని మనకి తెలీదు. డిజిటల్ వచ్చి ఆ మనిషిని తీసేసింది, పైగా సెన్సరు హద్దు దాటిన తెలుపుని అస్సలు క్షమించదు. స్టూడియో ఆయన గెలుపులో కొంత వాటా ఆ కుర్రాడిదని నేను ఇప్పటికీ వాదిస్తాను. కొంతే.

కంపెనీలకి ఈ సంగతి తెలియక కాదు. 1969లో నికాన్ ఒక తమాషా లెన్సు తెచ్చింది. దాంట్లో గైడ్ నంబరు పెట్టి, దూరం రింగు తిప్పుతుంటే ఎపర్చర్ దానంతటదే మారేది. ప్లాస్టరు ముక్కనే పళ్ళచక్రాల్లో పెట్టారన్నమాట. 1992లో ఎఫ్90 కెమెరా, ఎస్‌బీ-25 ఫ్లాషు, దూరం చెప్పగలిగే డి రకం లెన్సులు వచ్చాయి. ఎక్కడ ఫోకస్ చేశామో లెన్సు కెమెరాకి చెబుతుంది, కెమెరా ఆ దూరాన్ని కూడా లెక్కలో కలుపుకుంటుంది. ఇ-టీటీఎల్ 2 కూడా వీలున్నప్పుడు లెన్సు చెప్పిన దూరం వాడుకుంటుంది, పరీక్ష ఫ్లాషుకి ముందూ తర్వాతా పోల్చి, అతిగా మెరిసిన భాగాల్ని పక్కనపెడుతుంది. అంటే అన్ని తెలివితేటల తర్వాత చివరికి తిరిగొచ్చింది మళ్ళీ దూరం దగ్గరికే.

గైడ్ నంబరుకీ హద్దులున్నాయి, దాన్ని దేవుణ్ణి చెయ్యొద్దు. ఫ్లాషుని కప్పువైపు తిప్పి వెలుగుని కిందకి రాలిస్తే, వెలుగు ఎంత దూరం నడిచిందో, కప్పు ఎంత మింగిందో ప్లాస్టరు చెప్పలేదు. లెన్సు చెప్పే దూరమూ అక్కడ పనికిరాదు. అక్కడ పరీక్ష ఫ్లాషే గొప్పది. మనుషులు ముందుకీ వెనక్కీ పరిగెత్తే చోట కూడా అంతే.

ఇప్పుడు నేనేం చేస్తున్నాను

ఇవాళ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలదే రాజ్యం. వాటిలో కొలిచేది సెన్సరే, అయినా పద్ధతి పరీక్ష ఫ్లాషే. 2023లో సోనీ ఏ9-3 కెమెరాలో సెన్సరు మొత్తాన్నీ ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ వచ్చి, ఫ్లాషుకి షట్టరు వేగం హద్దు అనే పాత గోడని కూల్చింది. తెలుపూ నలుపూ సమస్య మాత్రం అక్కడే ఉంది.

అందుకని నేను నేర్చుకున్నవి నాలుగు ముక్కలు. ఒకటి, షట్టరు వేగం ఆ హద్దులోపల ఉన్నంతసేపూ ఫ్లాషు వెలుగుని మార్చదు, గది వెలుగునే మారుస్తుంది. ఆ రెంటినీ విడివిడిగా ఆలోచించాలి. రెండు, ముందున్నవన్నీ తెల్లనివైతే ఫ్లాషు కాంపెన్సేషన్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు దాకా పెంచాలి, అన్నీ నల్లనివైతే తగ్గించాలి. బుద్ధికి తిరగేసినట్టుంటుంది గానీ అంతే. మూడు, దూరం మారని చోట, అంటే మంటపం, స్టేజీ, గ్రూపు ఫొటో లాంటి చోట్ల, ఫ్లాషుని మాన్యువల్లో పెట్టి ముందే ఒక ఫొటో తీసి హిస్టోగ్రాం చూసుకోవాలి. ఒకసారి కుదిరాక ఎవరేం కట్టుకొచ్చినా మారదు. నాలుగు, రా ఫైలు.

ఈ మూడో ముక్కలోనే ఫిల్ము కాలంలో లేని లాభముంది. ఫొటో తీసి, వెనక తెరమీద చూసి, సరిచేసి మళ్ళీ తీస్తే లూపు మూసుకున్నట్టే. సెన్సరు చెయ్యలేని పని మనిషి చేస్తున్నాడు. మరో ఫొటోకి అవకాశముంటేనే ఇది పనికొస్తుంది. లింక్ రైలుకీ, అమ్మమ్మ అక్షింతలకీ రెండో ఫొటో లేదు. అలాంటి వాటికి లెక్క ముందే తెలిసి ఉండాలి. ఆ పొద్దున మంటపం ఖాళీగా ఉన్నప్పుడు నేను కాఫీ తాగుతూ కెమెరా గొప్పలు చెప్పుకుంటున్నాను. స్టూడియో ఆయన పీటల దగ్గర్నుంచి అడుగులేసుకుంటూ దూరం కొలుచుకుంటున్నాడు. చూసి నవ్వుకున్నాను కూడా.

ఇప్పుడు నా ఫ్లాషు వీపు మీద కూడా ఒక ప్లాస్టరు ముక్క ఉంది. దాని మీద మూడు వరసలు. మా అమ్మాయి చూసి "నాన్నా, ఇదేంటి, ఫ్లాషుకి దెబ్బ తగిలిందా?" అంది. తగిలింది ఫ్లాషుకి కాదని చెప్పి, హాల్లో ఫొటో దగ్గరికి తీసుకెళ్ళి కథంతా చెప్పాను.